ముఖం అడిగిన దయ్యం

కాళ్ళు కడుక్కున్నారా? కెజియా, ఆ దుప్పటి చంటిగాడి మీదకి కూడా లాగు, నీ ఒక్కదానికే కాదు. రేపు బిస్కెట్ల మీద ఐసింగు వేద్దాం, ఐసింగు వేద్దాం అని పొద్దుణ్ణించీ నా ప్రాణం తోడేశారు. వేద్దాంలే. ఇప్పుడు మాత్రం కథ. మీరు ఊ కొట్టడం మానేస్తే నేను చెప్పడం మానేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరికీ కలిపి ఒకటే బట్టీ. క్రిస్మస్ వస్తోందంటే చాలు, ఇంటింటివాళ్ళూ మైదాపిండీ, పంచదారా, నెయ్యీ మోసుకెళ్ళి బట్టీలో బిస్కెట్లు కాల్పించుకొచ్చేవాళ్ళు. మనం మొన్న రేకుడబ్బా పట్టుకెళ్ళామే, అలాగే. అయితే ఆ ఊళ్ళో ఇంకో ఆచారం ఉండేది. ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని బిస్కెట్లు పక్కన పెట్టి, వాటి మీద పంచదార పూతతో ఎవరి ముఖం వాళ్ళది వేసి పండగనాడు చేతిలో పెట్టాలి. మీరు ఐసింగు అంటున్నది ఆ పూతనే. పిల్లలంతా ఎవరి ముఖం వాళ్ళు కొరుక్కు తినేవాళ్ళు. నవ్వకురా, నువ్వైతే ముందు చెవులు తింటావు.

ఆ ఊళ్ళో మార్తమ్మ అని ఒకావిడ. నోరు పెద్దది. ఆవిడ కోడలు రూతమ్మ. రూతమ్మకి యోనా అని ఉయ్యాల్లో పిల్లాడు. వాడికి అదే మొదటి క్రిస్మస్సు, మొదటి ముఖం బిస్కెట్టు. రూతమ్మ పుట్టింటివైపు ఈ ఆచారం లేదు, పూత ఎలా కలుపుతారో కూడా ఆ పిల్ల ఎరగదు. అత్తని అడగబోతే కస్సుమంది. ఆ పూత గిన్నె నేను ముట్టుకోను, నీ తిప్పలేవో నువ్వు పడు అని పెరట్లోకి పోయి గోడవైపు తిరిగి కూచుంది. మొగుణ్ణడుగుదామా అంటే సంతకి పోయాడు.

ఏం చేస్తుంది పాపం? పంచదార మెత్తగా దంచింది. పల్చటి గుడ్డలో జల్లించింది. గుడ్డు కొట్టి తెల్లసొన పోసింది, నిమ్మకాయ పిండింది, చెయ్యి పడిపోయేలా గిలక్కొట్టింది. అప్పటికి మిట్టమధ్యాహ్నమైంది. మిట్టమధ్యాహ్నం ఎవరు తిరుగుతారు? ఆఁ, దయ్యాలే. ఊ కొడుతున్నారా?

పిండిడబ్బా వెనకనించి ఒక బొంగురు గొంతు వినబడింది. చిన్నపిల్ల గొంతు. చూస్తే మనిషి లేదు.

"నాక్కూడా నా ముఖం వెయ్యవా?"

రూతమ్మ ఉయ్యాలకి అడ్డంగా నిలబడింది. నువ్వెవరు, నీ ముఖం ఎలా ఉంటుంది అని అడిగింది. ఆ దయ్యప్పిల్ల ఏమందంటే, చీకట్లో ఉండీ ఉండీ మర్చిపోయానంది. పేరూ గుర్తులేదు, ముఖమూ గుర్తులేదు. అన్ని ఇళ్ళూ తిరిగాను, ఎవరూ నా ముఖం వెయ్యలేదు. పొద్దుగుంకే లోపల నువ్వు నా ముఖం వేస్తే సరే సరి, లేకపోతే ఉయ్యాల్లో ఉన్నవాడి ముఖం నేను తీసుకుపోతాను, అప్పుడు వాణ్ణి నువ్వే గుర్తుపట్టవు అంది.

భయమేస్తోందా? ఇటు జరుగు. నేనున్నానుగా.

రూతమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. అప్పుడే బట్టీనించి వచ్చిన బిస్కెట్టు, ఇంకా పొగలు కక్కుతోంది, ఆదరాబాదరాగా దాని మీదే పూత వేసింది. ఏమైంది? కళ్ళూ ముక్కూ కలిసి కరిగిపోయాయి. ఇది నేను కాదు అంది దయ్యం. రూతమ్మ ఉయ్యాలవైపు చూసింది. యోనాకి కనుబొమలు లేవు. తుడిచేసినట్టు పోయాయి.

మళ్ళీ కలిపింది. కంగార్లో నిమ్మరసం ఎక్కువ పడి పలచనైపోయింది. వేస్తే గీత నిలవలేదు, జుట్టు గడ్డం మీదకి, గడ్డం పళ్ళెంలోకి. ఇదీ నేను కాదంది దయ్యం. ఉయ్యాల్లో చూస్తే యోనా బుగ్గ మీద సొట్ట లేదు.

మళ్ళీ కలిపింది. ఈసారి పంచదార గుమ్మరించింది. వేస్తే రాయిలా బిగిసి, ఆరగానే పెళుసెక్కి ఊడిపోయింది. వేడి మీద వేస్తే కరిగిపోయె, పలచగా వేస్తే పారిపోయె, చిక్కగా వేస్తే చిట్లిపోయె. అనండి నాతోపాటు. వేడి మీద వేస్తే కరిగిపోయె, పలచగా వేస్తే పారిపోయె, చిక్కగా వేస్తే చిట్లిపోయె. ఇదీ నేను కాదంది దయ్యం, యోనా ముక్కు పోయింది.

గోడ మీద ఎండ పైపైకి పాకుతోంది. ఎండ పైకెక్కుతోందంటే పొద్దు కిందకి దిగుతోందన్నమాట. రూతమ్మ కళ్ళు తుడుచుకుని, ఈసారి బుద్ధిగా కూచుంది. బిస్కెట్టు చల్లారేదాకా ఆగింది. పూత చెంచాతో ఎత్తితే తెగకుండా మెల్లిగా జారేలా కలిపింది. కాగితం పొట్లం చుట్టి, మొన కాస్తంత కత్తిరించి, ముందు చుట్టూ గట్టు గీసింది. గట్టు ఆరాక మిగతా పూతలో నాలుగు నీటిచుక్కలు వేసి లోపల నింపింది. పసుపుతో బుగ్గలు, బీట్‌రూట్ రసంతో పెదాలు, మాడ్చిన పంచదారతో జుట్టు. ఎంత బాగా వచ్చిందనుకున్నారు! బొమ్మలా ఉంది.

దయ్యప్పిల్ల, చాలా బావుంది కానీ ఇదీ నేను కాదు అని ఏడవడం మొదలెట్టింది.

అప్పుడు రూతమ్మ కళ్ళు మూసుకుని తన కొడుకు ముఖం తల్చుకోబోయింది. గుర్తురాలేదర్రా. కన్నతల్లికి బిడ్డ ముఖం గుర్తురాలేదు. ఇంక సిగ్గూ లేదు, భయమూ లేదు, పెరట్లోకి పరిగెత్తి అత్త కాళ్ళ మీద పడి జరిగిందంతా చెప్పింది.

మార్తమ్మ తిడుతుందనుకుంది. ఆవిడ తిట్టలేదు. గొంతు బొంగురుగా ఉందా అని మాత్రం అడిగింది. అవునత్తా అంది రూతమ్మ. దగ్గి దగ్గి పోయింది దానికి ఆ గొంతు అని మార్తమ్మ అక్కడే కూలబడిపోయింది. ఆవిడకి కొడుక్కంటే ముందొక ఆడపిల్ల ఉండేది, ఎస్తేరు. కోరింతదగ్గొచ్చి సరిగ్గా పండగ ముందు పోయింది. ఆ ఏడు దాని బిస్కెట్టు మీద ముఖం వెయ్యలేదు. ఆ తర్వాత ఆవిడ ఆ గిన్నె ముట్టుకోలేదు, ఆ పేరు పలకలేదు, ఇంకెవర్నీ పలకనివ్వలేదు.

మార్తమ్మ లేచి వంటింట్లోకొచ్చింది. కోడలి చేతిలో పొట్లం తీసుకుంది. ఎన్నేళ్ళకో పట్టుకుందేమో, గీతలన్నీ వంకర. ఒక చెవి బయటికొచ్చినట్టు వేసింది. ముందు పళ్ళ మధ్య సందు పెట్టింది. జుట్టు ఒకవైపు పొట్టిగా వేసింది, కత్తెర దొరికితే ఆ పిల్ల తనే కత్తిరించేసుకుందిట. మూతి అలిగినట్టు ముడిచి పెట్టింది. రూతమ్మ వేసిన బొమ్మ ముందు అది కాకిగీతలు. ఎండ ఇంకా గోడ అంచునే ఉంది.

"అమ్మా, ఇది నేనే."

అంతే. ఉయ్యాల్లో యోనా కేర్‌మన్నాడు. కనుబొమలొచ్చాయి, సొట్టొచ్చింది, ముక్కొచ్చింది, ఆ ముక్కులోంచి చీమిడి కూడా వచ్చింది. రూతమ్మ వాణ్ణెత్తుకుని ముఖమంతా ముద్దులు పెట్టుకుంది.

ఎస్తేరు బిస్కెట్టిమ్మని చెయ్యి చాపింది. ఇప్పుడు చెయ్యి కనబడుతోంది, ముఖమూ కనబడుతోంది. మార్తమ్మ, ఇంకా ఆరలేదే తల్లీ, తడిమీద ముట్టుకుంటే చెరిగిపోతుంది, కాసేపు కూచో అంది. ఆ పిల్ల వచ్చి తల్లిని ఆనుకుని కూచుంది. మార్తమ్మ దాని జుట్టు చిక్కు తీస్తూ, ఇంటి కబుర్లన్నీ చెప్పింది. తమ్ముడు పెళ్ళి చేసుకున్నాడంది, వీడు నీ మేనల్లుడంది. మధ్యలో ఆ పిల్ల ఆరిందా అమ్మా అనేది. ఇంకా లేదమ్మా అనేది ఆవిడ. పొద్దుగుంకింది. ఆరిందా అమ్మా? ఇంకా లేదమ్మా. దీపం పెట్టారు. ఆరిందా అమ్మా? ఇంకా లేదమ్మా. పూత ఎప్పుడో ఆరిపోయింది. రూతమ్మకి తెలుసు, కానీ నోరు విప్పలేదు.

చివరికి ఎస్తేరే వేలితో మెల్లిగా తాకి చూసింది. వేలికి ఏమీ అంటలేదు.

"ఆరిందమ్మా."

మార్తమ్మ బిస్కెట్టు తీసి దాని చేతిలో పెట్టింది. ఆ పిల్ల తన ముఖం తను చూసుకుంటూ నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో అందరూ సుఖంగా ఉన్నారు. మార్తమ్మ నోరు తగ్గిందా అంటే తగ్గలేదు గానీ, రోజుకోసారైనా ఎస్తేరు పేరు తల్చుకునేది, కోడలూ కొడుకూ వినేవాళ్ళు. కాబట్టి రేపు మీరు కూడా తొందరపడకండి. చల్లారాక వెయ్యండి, ఆరాక ముట్టుకోండి. వంకరగా వస్తే రానివ్వండి, మనవాళ్ళ ముఖం మనవాళ్ళకి తెలుస్తుంది.

చంటిగాడు నిద్రపోయాడా? కెజియా, నువ్వెందుకే ఏడుస్తున్నావు? రా, ఇలా నా చెయ్యి మీద తల పెట్టుకో. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.