తెల్లగోడల మీద మసి

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి చెప్పులు వేసుకోవచ్చు. సగం విన్నాక లేస్తే నేనూరుకోను. ఫకీరు ఖాదర్‌షా బాబా ఉండే ఆస్తానాలో వంటవాణ్ణి నేనే. నేను గంజి వారిస్తే మూడు సంస్థానాల్లో జనానికి ఆకలి పుట్టేది.

ఆ మూడు సంస్థానాల తగవే ఒకసారి బాబా దగ్గరికొచ్చింది. తెల్లకోటలో గోడలు పాలనురుగులా ఉంటాయి. పక్కనున్న నల్లవాగు సంస్థానంలో సున్నపు బట్టీలు. గాలి తిరిగితే ఆ పొగ వచ్చి ఈ గోడల మీద కూర్చుంటుంది. బట్టీలు ఆర్పించి తీరాలని తెల్లకోట దివాను పట్టు. ఆర్పితే నల్లవాగు ఇళ్లలో పొయ్యిలు కూడా ఆరతాయి.

బాబా ఆ తీర్పు శిష్యుడు దస్తగిరికి అప్పగించాడు.

"చూసొచ్చి ఒక్క మాటలో తేల్చేస్తా" అన్నాడు దస్తగిరి.

మూడు చోట్లా తిరిగొచ్చాడు. మొహం చూస్తే మంద తప్పిన గొర్రె.

"బాబా, ఆ మూడో సంస్థానం కొండపాలెంలో పొగ లేదు, కూడూ లేదు. నల్లవాగులో కూడుంది, పొగా ఉంది. తెల్లకోటలో కూడు పొర్లిపోతోంది, గాలి తెచ్చిన మసి తప్ప పొగ జాడ లేదు. కలిమి పొగను పుట్టిస్తుందా, పోగొడుతుందా?"

"బట్టీలవాళ్లేమన్నారు?"

"ముందు ఎండుకట్టెలే కాల్చేవాళ్లట. దివానుగారు సున్నం బేరానికొచ్చి, బట్టీలు పెట్టిస్తే కొండపాలెంవాళ్లు ఇంతకన్నా చౌకగా ఇస్తామంటున్నారనేసరికి చవకైన పచ్చికట్టెలకు దిగారట. ఆ కొండపాలెంవాళ్లేమో మాకూ రెండు బట్టీలు పెట్టించు నాయనా అని నా కాళ్లు పట్టుకున్నారు. నాకేమీ అంతుపట్టడం లేదు."

మా ఆస్తానాలో ఒక కట్టడి ఉంది. తినేవాడు ఎంతటివాడైనా వంటయ్యేదాకా పొయ్యి ముందు కూర్చోవలసిందే. ఆ రోజు బాబా దాన్ని పక్కన పెట్టాడు.

"పొయ్యి గోడ అవతల పెట్టుకో. అన్నం మాత్రం ఇక్కడికి తే" అన్నాడు నాతో.

ఏనుగు ఎత్తలేని ఇనుప పొయ్యి అది. మండుతుండగానే నెత్తిన పెట్టుకుని గోడ దూకాను. ఎసట్లో నీళ్లు తొణకలేదు.

దస్తగిరి చాప మీద హాయిగా కూర్చున్నాడు. అన్నం వచ్చింది.

"మనింట్లో పొగుందా?" అన్నాడు బాబా.

"లేదు బాబా."

"పొయ్యి బాగుపడినట్టుంది."

గోడ అవతల నుంచి పొరుగింటి సుంకులమ్మ దగ్గుతూ కేకేసింది. "ఏమయ్యా వంటాయనా, ఇంత పొగేంది సుంకులమ్మా అని వీధంతా నన్నే తిడుతోంది. నా పొయ్యి పొద్దున్నే ఆరింది కదయ్యా."

దస్తగిరి ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. ముద్ద వైపు చూశాడు. గోడ వైపు చూశాడు.

మర్నాడు తీర్పు వినడానికి దివాను నల్లవాగుకొచ్చాడు. ఎలాగూ వచ్చాం కదా అని, కొత్త మేడకు సున్నం తోలుకుపోను బండ్లు కూడా వెంట తెచ్చాడు. దస్తగిరి బట్టీ మూతి ముందు చాప పరిచాడు.

"కూర్చోండి దివానుగారూ. మీ సున్నం ఇంకా కాలలేదు."

దివాను పొగకు కళ్లు నులుముకుంటూ, "మరి తీర్పో?" అన్నాడు.

"నాకింకా తెలియలేదండి" అని దస్తగిరి కూడా పక్కనే కూర్చున్నాడు.

నేను గోడ దూకాననేది కోతలే అనుకునేవాళ్లు పొరుగింటికి వెళ్లి అడగొచ్చు. ఇప్పటికీ దగ్గుతూనే ఉంటుంది, మా సుంకులమ్మ.