ఏటి దారిలో సోదా

అనగనగా ఒక అడవి. అక్కడి జంతువులు ఏటికి వెళ్ళి నీళ్ళు తాగాలంటే ఒకటే దారి.

ఇప్పపూలు రాలే కాలం వచ్చింది. పులిసిన పూలు తెగ మేసి, ఎలుగుబంటి మత్తులో తూలింది. పాపం, ఒక జింకపిల్ల దాని కాళ్ళ కింద పడి చచ్చిపోయింది.

సింహం రాజు బాధపడి, దారిలో దుమ్ములగొండిని కాపలా పెట్టాడు. "ప్రతి ఒక్కరి నోరూ వాసన చూడు. ఇప్పపూల వాసన వస్తే ఆపు. లేకపోతే పంపించెయ్. అంతే" అన్నాడు.

మంచి ఆజ్ఞే. కానీ పెత్తనం చేతికొస్తే ఊరుకునే రకమా దుమ్ములగొండి?

మొదట కోతి వచ్చింది. నోట్లో వాసన లేదు. "బుగ్గల్లో ఏముంది? కక్కు" అంది దుమ్ములగొండి. కోతి దాచుకున్న రేగుపళ్ళు కక్కేసింది. "పోనీలే, పళ్ళేగా" అనుకుంది.

తర్వాత కుందేలు వచ్చింది. "నీ బొరియ ఎక్కడ? పిల్లలెందరు? చెప్పకపోతే నీళ్ళు లేవు" అంది దుమ్ములగొండి. కుందేలు అమాయకంగా అన్నీ చెప్పేసింది. మర్నాడు మేతకు వెళ్ళి వచ్చేసరికి బొరియ తవ్వేసి ఉంది. పిల్లలు లేరు.

ఆ సాయంత్రమే అలుగు వచ్చింది. ఒళ్ళంతా గట్టి పొలుసులుండే జంతువు అది. పొట్ట కింద పసిబిడ్డ ఉంది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది. నోరు చూపించింది. వాసన లేదు.

"పొట్ట కింద ఏం దాచావ్? చూపించు" అంది దుమ్ములగొండి.

అలుగు బిడ్డను గట్టిగా పొదువుకుంది. "రాజుగారు నోరు చూడమన్నారు. చూశావు. దారి వదులు మామా" అంది.

"దాచిందేమీ లేకపోతే భయమెందుకే?"

"చూపించెయ్ వదినా, వెనక మేమూ దాహంతో చస్తున్నాం!" అని వెనక వరుసలోంచి అరిచింది కోతి.

అలుగు చూపించలేదు. బిడ్డ చుట్టూ బంతిలా ముడుచుకుపోయింది. దుమ్ములగొండి పళ్ళు పొలుసుల మీద కరకరలాడాయి. లోపల బిడ్డ కీచుమంది. వరుసలో ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు కుందేలు వరుసలోంచి ముందుకొచ్చింది. "ప్రతి ఒక్కరి నోరూ చూడమన్నారు రాజుగారు. మరి నీ నోరు ఎవరు చూశారు? ఏదీ, తెరువు" అంది.

దుమ్ములగొండి ఠక్కున నోరు మూసుకుంది.

"దాచిందేమీ లేకపోతే భయమెందుకు?" అంది కుందేలు.

వరుసలో ఉన్న ఏనుగు తొండం చాచి దుమ్ములగొండి మూతి వాసన చూసింది. తల దించుకుంది. "నీ పిల్లల వాసనేనమ్మా" అంది కుందేలుతో.

అంతే, జంతువులన్నీ ఒక్కసారిగా మీదికొచ్చాయి. దుమ్ములగొండి అడవి వదిలి పారిపోయింది.

దారిలో కాపలా ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఏనుగే అందరి నోరూ వాసన చూసి పంపిస్తుంది, అంతవరకే. ఆ సాయంత్రం అలుగు కడుపునిండా నీళ్ళు తాగి, బిడ్డతో ఇంటికి చేరింది. కుందేలు కూడా తాగింది. కానీ తన బొరియకు మాత్రం వెళ్ళలేకపోయింది.

నీతి: కాపలా మన మేలుకే. కానీ కాపలావాడు హద్దు దాటితే, పక్కవాడి వంతులోనే "వద్దు" అనాలి. మన వంతు దాకా ఆగకూడదు.