బూరె మింగిన సున్నుండ

రాజులు పల్లకీల్లోనూ, కుక్కలు వాటి వెనకాలా తిరిగే రోజుల్లో తామ్రగిరిని ఒక రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణిధరుడికి బూరె అనే కుక్క ఉండేది. దాని దొంగబుద్ధి అంతా ఇంతా కాదు.

తామ్రగిరిలో ఒక ఆచారం ఉంది. పెంపుడు జంతువు ఎవరిదేది తిన్నా, పెంచినవాడే దాన్ని తన చేతులతో చేసి ఇవ్వాలి. రాజకుమారుడైనా సరే, నౌకర్ల చేత చేయిస్తే చెల్లదు. బూరె రాజుగారి తోలు చెప్పులు నమిలేసింది. మణిధరుడు నెల్లాళ్లు నేర్చుకుని కొత్తవి కుట్టాడు. బూరె మంత్రిగారింట్లో నలభై బొబ్బట్లు మింగేసింది. మణిధరుడు పొయ్యి ముందు కూర్చుని నలభై చేశాడు. మొదటి పదీ మాడిపోతే మంత్రి కూతురు కువలయ నవ్వింది.

"మీ కుక్క ఇవి కూడా తింటుంది లెండి," అంది. అలా వాళ్ల పెళ్లి కుదిరింది.

పెళ్లి వారం ఉందనగా ధూమకేశుడనే మాంత్రికుడు కువలయను ఎత్తుకుపోయాడు. విడిపించడానికి వెళ్లిన పెద్దన్న రాయైపోయాడు. రెండో అన్న కూడా రాయైపోయాడు. ఇక మణిధరుడు బూరెను వెంటబెట్టుకుని పడవెక్కాడు. ఏడు సముద్రాలు దాటేలోపు బూరె పడవవాడి ఎండుచేపలన్నీ తినేసింది. మణిధరుడు గాలం వేసి పట్టి, ఎండబెట్టి ఇచ్చాడు.

మాంత్రికుడి కోటలో పంజరంలో ఒక చిలక ఉంది. మణిధరుడు దాని మెడ పట్టుకోబోయాడు.

"ఆగు నాయనా," అంది చిలక. "మాంత్రికుల ప్రాణం చిలకలో ఉంటుందని లోకమంతటికీ తెలిసిపోయింది. నన్ను కళ్లు కప్పడానికి పెట్టాడు. అసలుది ఆ గూట్లో, సున్నుండలో ఉంది."

మణిధరుడు తిరిగి చూసేసరికి గూడు ఖాళీ. బూరె మూతి నాక్కుంటోంది.

ధూమకేశుడు పరుగెత్తుకొచ్చి కుక్కను చూసి కూలబడ్డాడు. "బాబూ, దాన్నేమీ చెయ్యకు. అది చస్తే నేనూ చస్తాను. ఏం కావాలో అడుగు."

మణిధరుడు అడిగినట్టే ధూమకేశుడు కువలయనూ అన్నలనూ విడిచిపెట్టాడు. రాయి నుంచి లేచిన పెద్దన్న సంగతి వినగానే కత్తి దూశాడు.

"కుక్క పోతే పోయింది తమ్ముడూ. వీడి పీడ విరగడవుతుంది."

మణిధరుడు అడ్డం వచ్చి నిలబడ్డాడు. బూరె ఆ కత్తిని కూడా ఆశగా వాసన చూస్తోంది.

"అన్నయ్యా, చెప్పులు కుట్టిచ్చాను, బొబ్బట్లు చేసిచ్చాను, చేపలు పట్టిచ్చాను. ప్రాణం చెయ్యడం నాకు రాదు. చేసివ్వలేనిది నా కుక్క తింది. ఇక దాన్ని పదిలంగా చూసుకోవడమే నేను చెయ్యగలిగింది."

పెద్దన్న కత్తి ఒరలో పెట్టాడు.

పెళ్లి జరిగింది. అన్నలిద్దరూ ఒప్పుకుని తమ్ముడికే పట్టం కట్టారు. మంత్రాలు మానేసిన ధూమకేశుడు బూరె వెంటే తామ్రగిరికి వచ్చేశాడు. మొదట్లో ప్రాణభయంతోనే దానికి అన్నం కలిపి పెట్టేవాడు, కాలిలో ముళ్లు తీసేవాడు. ఇప్పుడు పెంచేది తనే గనక, అది ఎవరింట్లో ఏం తిన్నా తనే వెళ్లి చేసిచ్చేవాడు. అలా వంటా నేర్చాడు, కుట్టూ నేర్చాడు.

చాలా ఏళ్లు గడిచాయి. బూరె ముసలిదైంది. ఒకనాడు కువలయ ధూమకేశుడితో, "తాతా, దాని పొట్టలోంచి నీ ప్రాణాన్ని బయటికి రప్పించే మందు దొరికింది," అంది.

"బూరె తట్టుకుంటుందా అమ్మా?"

కువలయ తల అడ్డంగా ఊపింది.

"అయితే వద్దు. నా ప్రాణం నా దగ్గర ఉన్నప్పటికన్నా బూరె దగ్గరే బాగుంది," అన్నాడు ధూమకేశుడు.

తర్వాత తన విస్తట్లో బొబ్బట్టును బూరె మూతికి అందేంత దూరం జరిపి, మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు.