అసిరి దాటిన గడప

అనగా అనగా, అగ్గిపుల్ల ఇంకా పుట్టని కాలం. కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో పొయ్యి ఆరితే పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకోసం వెళ్లాల్సిందే.

ఊరి చివరింట్లో అసిరి అనే పిల్ల ఉండేది. తల్లి పోయింది. తండ్రి వెదుర్లు కొట్టడానికి కొండెక్కితే ఎప్పటికో దిగేవాడు. ఇంట్లో అసిరి, ఉయ్యాల దిగని తమ్ముడు గవరయ్య. అసిరికి తన జడ తనే వేసుకోవడం కూడా సరిగా రాదు. అయినా ఇల్లు ఊరుకుంటుందా? నీళ్లు తెమ్మంటుంది, గంజి కాచమంటుంది, నిప్పు కాపాడమంటుంది.

పక్కింటి బోడెమ్మ రోజూ వచ్చి పని నేర్పేది. నోరు పెద్దది, మనసు మంచిది.

"నిప్పు మీద నివురు కప్పు, నివురు మీద ఊక కప్పు. పొయ్యి ఆరనీకు. సుక్కురోరం దీపాలెట్టాక నిప్పు గడప దాటనీకు. దాటితే లచ్చిమి దాటేత్తాది."

అసిరి తలూపేది.

ఒక ఏడు, తండ్రి కొండ మీద ఉండగా వాన పట్టుకుంది. ఆకాశానికి చిల్లు పడ్డట్టే. మొదటిరోజు పిడకలు అయిపోయాయి. రెండోరోజు అటక నిచ్చెన విరిచి పొయ్యిలో పెట్టింది. మూడోరోజు గవరయ్య ఒళ్లు కాలిపోతోంది, ఇంట్లో పుల్ల లేదు. అమ్మ చిలికిన కవ్వం ఒక్కటే మిగిలింది. అసిరి దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. తర్వాత పొయ్యిలో పెట్టింది. తమ్ముడికి వేడి గంజి పట్టింది.

అప్పటికి ఊళ్లో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. అసిరి కప్పు మీద ఒక్కటే పొగ. ఆ రోజు శుక్రవారం. దీపం పెట్టి చూసేసరికి గడప బయట ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. చాటల కింద పిడకలు దాచుకుని వానలో నిలబడ్డారు. ఒక్కరూ అడగలేదు. అడగకూడదని తరతరాలుగా చెప్పుకున్నది వాళ్లే మరి.

అందరి వెనక బోడెమ్మ. ఆమె కూతురికి పొద్దున్నే పురుడొచ్చింది. పసిగుడ్డు చలికి నీలమైపోతోంది.

"పెద్దమ్మా, అడగవేటి?" అంది అసిరి.

"అడగనే తల్లీ. అమ్మ లేని ఇల్లు. లచ్చిమి కూడా ఎల్లిపోతే ఏటైపోతావు?"

అసిరి పొయ్యి దగ్గరికెళ్లింది. నివురు తీసి నిప్పులు చిప్పలోకి ఎత్తింది. గడప దగ్గర ఉయ్యాల వైపు ఒకసారి చూసింది. అయినా దాటింది.

"ఎల్తే ఎల్లనీ పెద్దమ్మా. నీ ఇంటికే కదా ఎల్తాది."

పిడక తర్వాత పిడక అంటుకుంది. కప్పు తర్వాత కప్పు పొగలేచింది. బోడెమ్మ ఇంట్లో పసిబిడ్డ కెవ్వుమంది. వానలో నిలబడే ఊరంతా ఆ చిన్నపిల్లకి చేతులు జోడించింది.

లక్ష్మి వెళ్లిపోయిందా అంటారా? ఏమో నాయనా, నేను చూడలేదు. అసిరి మేడలైతే కట్టలేదు. తమ్ముణ్ణి పెంచింది, ఆ గుడిసెలోనే ముసలిదై కన్నుమూసింది. పాడె ముందు నడవడానికి నిప్పుకుండ ఒక్కటి చాలు. ఆమె ముందు ఇంటికొకటి నడిచింది.

ఇప్పటికీ ఆ వైపు ఆడపిల్ల గానీ మగపిల్లాడు గానీ మొదటిసారి ఒంటరిగా వంట చేసిన రోజున, ఇంటి పెద్దావిడ ఖాళీ గిన్నె పట్టుకుని గడప బయట నిలబడుతుంది. నోరు విప్పదు. లోపల వండినవాళ్లు చూసి, తమంతట తామే వచ్చి గరిటెడు గంజైనా పోయాలి. పోయకపోతే మీసాలొచ్చినా పసివాడే. పోస్తే మాత్రం ఆవిడ వాళ్ల తల మీద చెయ్యి వేస్తుంది.

"అసిరంతయ్యావు. ఇంక ఇల్లు నీది," అంటుంది.