ఉయ్యాల కొస

జిలానీకి ఆ రోజు సాయంత్రంలోగా ఒక్క సంతకం కావాలి.

పిల్లల ఆసుపత్రి కట్టించాలని రెండేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి రామకోటారెడ్డి అనే రొయ్యల వ్యాపారి ఖర్చంతా తానే భరిస్తానన్నాడు. ఒకటే షరతు. తాను నమ్ముకున్న అమీనుల్లా హజ్రత్ ప్లాను చూసి సంతకం పెట్టాలి. సాయంత్రం బండికి రెడ్డి చెన్నై వెళ్ళిపోతున్నాడు. వెళ్ళాక ఆ పెద్దమనిషి మనసు ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు?

హజ్రత్ జిలానీకి గురువు. దర్గా పక్కన కొత్తగా కట్టిన గదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. జిలానీ ఆయన ముందు ప్లాను పరిచి మంచాలు, కిటికీలు, మందుల గది అన్నీ వేలుపెట్టి చూపించాడు.

"చీమంత లోటు కూడా వదల్లేదు, హజ్రత్," అన్నాడు. కష్టపడ్డవాడు కదా, ఆపాటి గర్వం ఉంటుంది.

"పైకప్పు ఎట్లా ఉంటుంది?"

"ఈ గదిలాగే. నున్నగా, అద్దంలా."

అంతలో పెంచలమ్మ అనే ఆమె గుమ్మంలోకి వచ్చింది. చంకలో ఆరు నెలల కొడుకు. పట్నం ఆసుపత్రి నుంచి ఊరికి పోతూ, తాయెత్తు కట్టించుకుందామని ఆగింది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, వాడి ఏడుపుకి గది దద్దరిల్లుతోంది.

"జొరం తగ్గింది సామీ. ఊపితేగానీ పండుకోడు. ఆడ ఆసుపత్రిలో ఉయ్యాల కట్టేదానికి కొక్కేలు లేవు. మూడు దినాలుగా నేనే ఎత్తుకోనుండా."

హజ్రత్ శిష్యుడి వైపు చూశారు. "ఉయ్యాల కట్టు."

పెంచలమ్మ సంచిలోంచి పాత చీర తీసిచ్చింది. జిలానీ పైకి చూశాడు. దూలం లేదు, కొక్కెం లేదు. చీర పట్టుకుని గదంతా ఒకసారి తిరిగాడు.

హజ్రత్ లేచి, చీర కొస ఒకటి భుజం మీదుగా లాక్కుని పట్టుకున్నారు. రెండోది జిలానీకిచ్చారు. తల్లి బిడ్డను మధ్యలో వేసింది. ఇద్దరూ మెల్లగా ఊపారు. నాలుగు ఊపులకే వాడు సద్దుమణిగాడు. గోడకు చేరగిలబడ్డ తల్లి వాడికంటే ముందే నిద్రపోయింది.

గుమ్మం దగ్గరి ఎండ చాప దాకా వచ్చింది. జిలానీ జేబులో ఫోను మోగింది. రెడ్డిగారే అయి ఉంటారు. తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. ఫోను ఆగి, మళ్ళీ మోగింది. బిడ్డ కదిలాడు. జిలానీ చీరను ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

ఫోను ఆగిపోయింది.

"చేతులు లాగుతున్నాయా?" గొంతు తగ్గించి అడిగారు హజ్రత్.

"లాగుతున్నాయి."

"ఎంతసేపైంది?"

"గంటన్నా అయి ఉంటుంది."

హజ్రత్ నిద్రపోతున్న తల్లిని చూపించారు. "ఆమెకి మూడు రోజులు."

జిలానీ తలెత్తి నున్నటి పైకప్పును, తర్వాత చాప మీది ప్లానును చూశాడు.

"ఇవాళ దాని మీద సంతకం పెట్టకండి, హజ్రత్," అన్నాడు, ఊపు ఆపకుండా.