గెలిచిన కోటలో విందు

ఒకానొక రాజ్యంలో యుద్ధం మొదలైన నాటి నుంచి ఒక్క చెడ్డ కబురూ వినబడలేదు. ఎలా వినబడుతుంది? విజయం చాటిన రోజు దండోరా పోలయ్యకు కోటలోంచి కొత్త కండువా దక్కేది. మామూలు రోజు వట్టి చేతులే. పాపం, పోలయ్య మంచివాడే గాని, అప్పటికే అతని ఇంట్లో పదిహేడు కండువాలున్నాయి.

రాజు మహీధరవర్మ మేడ మీది నుంచి ఆ దండోరా విని మురిసిపోయేవాడు. మన వార్త మనకు మేలుగా లేకపోతే అదేం దేశభక్తి అనేవాడు. మనసు వెన్నే, పొగడ్త వినిపిస్తే చాలు కరిగిపోయేవాడు.

ఇంతలో సేనాపతి నుంచి ఆస్థాన విదూషకుడు చెన్నుభట్టుకు రహస్యంగా ఉత్తరం వచ్చింది. "వెనక్కు తగ్గి ఏటి ఒడ్డున ఆగాం. మూడువందల మందిమి నాలుగు రోజులుగా పస్తులు. బియ్యం పంపమంటే, గెలిచిన కోటలో బోలెడు ధాన్యం ఉంటుంది కదా అంటున్నారు మంత్రిగారు."

చెన్నుభట్టు కళ్లు చెమర్చాయి. మర్నాడు పొద్దున్నే పల్లకీ వెంటబెట్టుకుని సభకు వెళ్లాడు.

"బయలుదేరండి ప్రభూ! మధ్యాహ్నం తమరికి శత్రువు కోటలో విందు."

"ఎవరి కోటలో?"

"మొన్న మనం గెలిచిన కోటలోనే. పోలయ్య చాటాడు, తమరూ విన్నారు."

రాజు ముఖం పాలిపోయింది. "నీకు మతిపోయిందా భట్టూ? అక్కడికి వెళ్తే నా తల దక్కుతుందా?"

"ఊరంతా నమ్మిన మాట తమరు నమ్మరా?"

"ఊరికి ధైర్యం ఉండాలని చాటిస్తున్నామయ్యా!"

"ఊరికి ధైర్యం దండిగానే ఉంది ప్రభూ. అక్కడ మనవాళ్లకే తిండి లేదు" అంటూ చెన్నుభట్టు ఉత్తరం చేతిలో పెట్టాడు.

రాజు చదివాడు. తర్వాత పోలయ్యను పిలిపించి, ఉన్నది ఉన్నట్టు చాటమన్నాడు.

"జనం నన్ను కొడతారేమో దొరా!" అని పోలయ్య వణికాడు.

ఎవరూ కొట్టలేదు. మనోళ్లు పస్తులున్నారహో అని వినగానే ఆడామగా ఇళ్లలోంచి గంపలతో కదిలారు. సాయంత్రానికి నలభై బళ్లు ఏటివైపు సాగాయి. కొన్నాళ్లకు మూడువందల మందీ ప్రాణాలతో ఇల్లు చేరారు.

ఆ రోజు రాజు చెన్నుభట్టును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "అంతా చాటించావు సరే. శత్రువు కోట పేరెత్తితే నేను వణికానని కూడా చాటించావా?"

"లేదు ప్రభూ. నాకు మాత్రం దేశభక్తి లేదా?"

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, తన మెడలోని ముత్యాలహారం తీసి చెన్నుభట్టు మెడలో వేశాడు.