రాగి తీగ చుట్టనంటే చుట్టను

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద కార్లకీ వ్యాన్లకీ పాటల సెట్లు బిగించే కోటిలింగం చెయ్యి తిరిగిన పనివాడే గానీ, తన పనిలో తప్పుందంటే చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. స్పీకరు బొంగురుపోతే కంపెనీని తిట్టేవాడు. బ్యాటరీ దిగిపోతే డ్రైవరుని తిట్టేవాడు. తిట్టడానికి ఎవరూ దొరక్కపోతే ఎండని తిట్టేవాడు. "నా పనికి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు" అని మీసం దువ్వేవాడు.

మొనగాడు పుట్టలేదేమో గానీ మొనగత్తె పుట్టింది. ఆమె కోటిలింగం అక్క కూతురు భ్రమరాంబ. ఐటీఐ చదివి మేనమామ షాపులోనే పనిచేస్తుండేది. తనకి సబబు కాదనిపించిన పని ఎవరు చెప్పినా చేసేది కాదు. బతిమాలినా చేసేది కాదు, కసిరినా చేసేది కాదు. ఇంటిల్లిపాదీ ఆమెని మొండిఘటం అనేవాళ్లు.

కోటిలింగం భార్య శేషారత్నం ఊళ్లో ఆడవాళ్లని కూడగట్టి ఒక కోలాటం జట్టు నడిపేది. జట్టంతా ఒక వ్యానులో ఊరూరా తిరిగేది. ఆ వ్యానులో కోటిలింగమే పెద్ద ఆంప్లిఫయర్ బిగించాడు. సన్నటి పాటని అందుకుని వీధంతా దద్దరిల్లేలా పెంచే పెట్టె అది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ వ్యాను షాపు ముందుకొచ్చి ఆగింది. సాయంత్రం సత్తెనపల్లిలో కోలాటం పోటీ. ఆకుపచ్చ చీరలు కట్టుకుని, చేతుల్లో కోలలు పట్టుకుని ఆడవాళ్లంతా దిగారు. డ్రైవరు సుభానీ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"కోటయ్యన్నా, పాట మళ్లీ ఆగిపోయింది. గతుకులో పడితే చాలు, ఫ్యూజు పోతోంది. నిలబెట్టి ఎంత సౌండు పెట్టినా మాత్రం బ్రహ్మాండంగా పాడుద్ది" అన్నాడు.

"ఓస్, ఇంతేనా! ఆంప్లిఫయర్ పెద్దది, ఫ్యూజు చిన్నది. తట్టుకోలేక పోతోంది" అన్నాడు కోటిలింగం. మేనకోడలి వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ ఫ్యూజు పీకేసి రాగి తీగ చుట్టెయ్. ఇంకెట్లా పోద్దో చూస్తా" అన్నాడు.

ఫ్యూజంటే సన్నటి లోహపు ముక్క. కరెంటు మితిమీరితే అది తాను కాలిపోయి బండిని కాపాడుతుంది. దాని చోట లావు రాగి తీగ చుడితే అది కాలదు, పాటా ఆగదు. కాకపోతే ఆ కాలాల్సిందేదో ఇంకోచోట కాలుతుంది. ఈ సంగతి ఆ రోడ్డు మీద అందరికీ తెలుసు. తెలిసీ అందరూ చుట్టేవాళ్లు!

"చుట్టను మామయ్యా" అంది భ్రమరాంబ.

"చుట్టనంటే?"

"చుట్టనంటే చుట్టను. ఆంప్లిఫయర్ వల్లే పోయేదైతే సౌండు పెంచినప్పుడు పోవాలి. గతుకులో ఎందుకు పోతోంది? గతుక్కీ పాటకీ ఏం సంబంధం? ఎక్కడో తీగ ఒరుసుకుపోయి బండి ఇనుముకి తగులుతోంది. తగిలినప్పుడల్లా కరెంటు మితిమీరుతోంది."

"ఆ తీగ లాగిందెవరో తెలుసా? నేను!"

"అందుకే, ముందు అక్కడ చూద్దామంటున్నా."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వారు. కోటిలింగం మొహం కందగడ్డలా అయిపోయింది. "చూడ్డానికేం లేదు. పక్కకి జరుగు, నేనే చుట్టుకుంటా" అని చెయ్యి చాపాడు.

భ్రమరాంబ వెళ్లి వ్యాను మెట్టు మీద కూర్చుంది. "ఆ తీగ సీట్ల కిందనుంచి పోతోంది మామయ్యా. నిప్పంటుకుంటే దిగడానికి ఉన్నది ఈ ఒక్క తలుపే. నువ్వు రాగి తీగ చుడితే అత్తయ్యావాళ్లు ఈ బండి ఎక్కరు. నేను ఎక్కనివ్వను" అంది.

"ఎంత పొగరే నీకు! సరే, తప్పు తీగలో ఉందని రుజువు చెయ్. చెయ్యలేకపోయావో, రేపట్నుంచి నా షాపు గడప తొక్కొద్దు!"

ఆ పనంటే భ్రమరాంబకి ప్రాణం. ఆడపిల్లకి స్పానరు పట్టనిచ్చిన షాపు ఆ రోడ్డు మొత్తం మీద అదొక్కటే. అయినా మెట్టు మీద నుంచి లేచి, కొంగు బిగించి, "సరే, చేస్తా" అంది.

ముందు ఆంప్లిఫయర్‌కి కరెంటు తెచ్చే తీగని ఆ పెట్టె దగ్గర ఊడదీసి, కొసకి టేపు చుట్టింది. తర్వాత ఇంజను దగ్గర కొత్త ఫ్యూజు పెట్టింది.

"ఇప్పుడు ఆంప్లిఫయర్‌కి కరెంటే లేదు. బండిని ఊపుదాం. ఫ్యూజు నిలబడితే మామయ్య మాటే నిజం. పోయిందంటే తప్పు మధ్యలో ఉన్న తీగదే" అంది.

"పట్టండే!" అంది శేషారత్నం. ఆడవాళ్లంతా కోలలు బొడ్లో దోపుకుని, వెనకనుంచి వ్యానుని పట్టి ఊపారు. ఏమీ కాలేదు. ఇంకోసారి ఊపారు. ఫ్యూజు చెక్కుచెదరలేదు. కోటిలింగం ఇకిలించాడు. "అయిందా సంబరం? ఇక ఇంటికెళ్లి పప్పు రుబ్బుకో" అన్నాడు.

భ్రమరాంబకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తల దించుకోలేదు. "సుభానీ, గతుకులో పడ్డప్పుడు ఇంజను నడుస్తూనే ఉంటుంది కదా? స్టార్ట్ చెయ్యి. అత్తయ్యా, ఈసారి ముందువైపు పట్టండి" అంది.

ఇంజను గుర్రుమంది. ఆడవాళ్లు ముందువైపు పట్టి ఎత్తి కుదేశారు. టప్పుమని ఫ్యూజు పోయింది. భ్రమరాంబ దాన్ని పీకి అందరికీ చూపించింది. లోపలి ముక్క నల్లగా మాడిపోయి ఉంది.

ఇంకెవరైనా అయితే అక్కడితో దిగొచ్చేవాళ్లే. కోటిలింగం దిగొస్తాడా! "ఇది నాసిరకం ఫ్యూజు! నా తీగకేం రోగం లేదు, చూడండి!" అంటూ తనే రాగి తీగ చుట్టేశాడు. "ఊపండి!" అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. "ఊపరా? నేనే ఊపుకుంటా!" అని బండి ముందు నిలబడ్డాడు. భ్రమరాంబ ఆడవాళ్లందరినీ దూరంగా పంపింది. స్పానరుతో బ్యాటరీ తీగ బిగించిన నట్టు వదులు చేసి, ఆ పక్కనే నిలబడింది.

కోటిలింగం కసిదీరా ఊపాడు. స్టీరింగు కిందనుంచి గుప్పుమని పొగ లేచింది. కాలిన రబ్బరు వాసన ముక్కులు పగలగొట్టింది. సుభానీ ఇంజను ఆపి కిందకి దూకాడు. కోటిలింగం కంగారుపడి రాగి తీగని చేత్తోనే పీకబోయాడు. అరచెయ్యి చుర్రుమంది. "అమ్మో!" అని కెవ్వుమన్నాడు. భ్రమరాంబ బ్యాటరీ తీగని ఒక్క ఊపున లాగిపారేసింది. పొగ ఆగిపోయింది.

సుభానీ లోపలి మ్యాటు ఎత్తాడు. ఇంజనుకీ లోపలికీ మధ్యనున్న ఇనప రేకులో ఒక చిల్లు ఉంది. కరెంటు తీగ దాంట్లోంచే వస్తోంది. చిల్లు అంచు కత్తిలా ఉంది. తీగ ఒరుసుకోకుండా అక్కడ తొడగాల్సిన రబ్బరు చుట్టు లేనే లేదు.

ఆ చిల్లు పొడిచింది కోటిలింగమే. ఆ రోజు రబ్బరు చేతికి అందలేదు. 'ఏమవుద్దిలే' అనుకుని బిగించేశాడు. ఇప్పుడు ఆ మాడిన మ్యాటు వైపు చూశాడు. దాని పక్కదే శేషారత్నం ఎప్పుడూ కూర్చునే సీటు. అరచేతి మంట కూడా మర్చిపోయాడు.

"ఈ చిల్లు నేను పొడిచిందే. రబ్బరు వెయ్యలేదు. తప్పు నాదే" అన్నాడు అందరూ వినేలా.

"ఏవండీ, మీ పనికి వంక పెట్టే మనిషి ఇప్పటికైనా పుట్టిందా?" అంది శేషారత్నం.

"పుట్టింది. మా అక్క కడుపునే పుట్టింది" అన్నాడు కోటిలింగం.

కాలిన చెయ్యి నీళ్లలో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాడు. భ్రమరాంబ చిల్లు అంచు ఆకురాయితో అరగదీసి, రబ్బరు తొడిగి, కొత్త తీగ లాగి, సరైన ఫ్యూజు పెట్టింది. జట్టు సత్తెనపల్లికి ఆలస్యంగా వెళ్లింది. అందరికంటే చివర ఆడింది. ప్రైజు రాలేదు. కానీ దారిలో ఎన్ని గతుకులొచ్చినా పాట ఆగలేదు, వెళ్లినవాళ్లందరూ పాడుకుంటూ ఇంటికి తిరిగొచ్చారు.

కొన్నాళ్లకి ఒక జీపు యజమాని షాపుకొచ్చాడు. "సెట్టు బిగించింది నువ్వే. ఊరికూరికే ఫ్యూజు పోతోంది. రాగి తీగ చుట్టెయ్ కోటయ్యా" అన్నాడు.

"చుట్టను" అన్నాడు కోటిలింగం.

"అదేందయ్యా, ఊరంతా చుడుతుంటే నీకేమొచ్చింది?"

"ఊరంతా చుట్టనీ. నా షాపులో చుట్టనంటే చుట్టను!" అని కోటిలింగం అరచేతి మచ్చ చూపించాడు. తర్వాత లోపలికి తిరిగి, "మొండిఘటం, ఇట్లా రా! ఫ్యూజు ఏదో చెబుతోంది. ముందు నేను లాగిన తీగ చూడు" అని కేకేశాడు. ఆ పేరు పెట్టి పిలుస్తూ ఆయన మీసం దువ్వుకున్నాడు.

ఆగమని హెచ్చరించేవాళ్ల నోరు నొక్కితే తప్పు పోదు, ముదురుతుంది. ఆగి ఆ తప్పుని వెతకాలి, అదీ ముందు మన చేతి పనిలోనే వెతకాలి.